పిన్ని కూరల్లో కారం తీసేసిన మాట

“ఉప్పూకారం లేని కూరలు ఇక్కడేనా అండీ? మా ఆయనకి మొన్నే కడుపు ఆపరేషన్ అయింది.”

మా పిన్ని కర్రీ పాయింట్ తెరిచిన రోజు వచ్చిన మొదటి గిరాకీ ఇది. పిన్ని చేతిలో గరిటె, గిన్నెలో గోంగూర రొయ్యలు, ఆవిరికే కళ్లు మండే ఘాటు. ఆవిడ నా వైపు చూసింది. నేను ఫ్యాన్ వైపు చూశాను. ఒక్క ఇంగ్లిష్ ముక్కతో ఒక మనిషి వంటనెలా పాడుచేయవచ్చో చెబుతాను. నవ్వుకోవడానికి మీకు అనుమతి ఉంది, నాకు లేదు.

చల్లపల్లిలో ఏ పెళ్లయినా గోంగూర రొయ్యల దగ్గర మా పిన్నే ఉండాలి. బాబాయి పోయాక విజయవాడ వచ్చి, ఎవరిమీదా ఆధారపడకూడదని ఈ దుకాణం పెట్టింది. బోర్డు మీద ఇంగ్లిష్‌లో ఏదైనా రాయమని నన్నడిగింది. నేనప్పుడు పత్రికలో కొత్త సబ్ ఎడిటర్ని. ఇంగ్లిష్ వార్తల్ని తెలుగు చేస్తాను కాబట్టి ఆ భాష నన్నడక్కుండా అడుగు వేయదని మావాళ్ల నమ్మకం. నాది కూడా.

సరిగ్గా ఆ రోజుల్లోనే నా కడుపులో మంటకి డాక్టరుగారు హోటల్ తిండి మానేసి బ్లాండ్ ఫుడ్ తినమన్నారు. హోటల్ తిండి కానిదేది? ఇంటి వంట. కనుక బ్లాండ్ అంటే ఇంటి రుచి. ఇంత గొప్ప తర్కం చేసినవాడు నిఘంటువు తెరుస్తాడా? ఆఫీసులో నా నిఘంటువు క్యారేజీ కింద పీటలా పడి ఉండేది. ఫ్లెక్సీ మీద ‘ప్యూర్, ఫ్రెష్, బ్లాండ్’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో వేయించాను.

కాలేజీ కుర్రాళ్లు వచ్చారు, చదివారు, “చప్పిడి కూరలంట్రా” అని నవ్వుకుంటూ పక్కవీధి బిర్యానీకి వెళ్లిపోయారు. అల్సర్లు, బీపీలు, ఆపరేషన్లు మాత్రం ఆస్పత్రిలో ఓపీ చీటీకి నిలబడ్డట్టు వరస కట్టాయి.

సాయంత్రం ఆఫీసులో క్యారేజీ పక్కన పెట్టి నిఘంటువు తెరిచాను. వెంటనే మూసేశాను. మర్నాడు పిన్ని అడగనే అడిగింది.

“ఏరా, ఆ చివరి మాటకి అర్థమేంటి?”

“ఇంటి రుచి అని, పిన్నీ.”

“మరి అందరూ మందుల సంచుల్తో వస్తున్నారేంట్రా?”

“ఇంటి రుచి కోరేది వాళ్లే కదా, పిన్నీ.”

అబద్ధం మాత్రం చప్పగా లేదు. మంచి మసాలా పడింది.

ఆ ఆపరేషనాయన భార్యను ఉత్త చేతుల్తో పంపలేక పిన్ని మొదటి రోజే కారం వేయకుండా సొరకాయ వండి ఇచ్చింది. తర్వాత బీరకాయ వచ్చింది, పెసరకట్టు వచ్చింది. వారం తిరక్కుండా గోంగూర రొయ్యలు పొయ్యి దిగిపోయాయి. దుకాణం మాత్రం నిలబడింది. అదే నా ఖర్మ. మూతపడి ఉంటే కాళ్ల మీద పడి నిజం చెప్పేసేవాణ్ని.

మొన్న పిన్ని మా ఇంటికి భోజనానికి వచ్చింది. మా ఆవిడ బంగాళదుంప వేపుడు వడ్డించింది. ఒక్క ముద్ద తిని, మంచినీళ్లు అందుకుని, “కారం ఎక్కువైందిరా” అంది పిన్ని. చల్లపల్లి పెళ్లిళ్లలో మగపెళ్లివారికి ముక్కులు కారించిన మనిషి.

కృష్ణమ్మ సాక్షిగా చెబుతున్నాను, ఇకపై నా నోట రుచికి ఇంగ్లిష్ మాట రాదు. బాగుంటే బాగుందంటాను, లేకపోతే మారు మాట్లాడకుండా మజ్జిగ పోసుకుంటాను.

ఎండకి వెలిసిపోయిన ఫ్లెక్సీని పిన్ని ఈ మధ్యే మార్పించింది. ఆ చివరి మాట ఈసారి ఇంకా పెద్ద అక్షరాల్లో ఉంది. అర్థం తెలిసి వేయించిందో, తెలియక వేయించిందో, అడిగే ధైర్యం నాకింకా రాలేదు.