ఉతకకూడని గుడ్డలు

నా చిన్నప్పుడు బొగ్గుగనుల దగ్గరి ఊరు రాజురాలో మాకు గిన్నెల దుకాణం ఉండేది. దాన్ని నడిపింది మా బాపమ్మే, అంటే నాన్న తల్లి. నేను ఆమె పక్కన పీట వేసుకుని కూర్చుని, అడగని వాళ్లకు కూడా ధరలు చెప్పేదాన్ని. తొమ్మిదేళ్ల పిల్లకు అంత నోరెందుకని అందరూ అనేవాళ్లు. ఆ నోరు ఇప్పటికీ తగ్గలేదు, అది వేరే సంగతి.

మా వెనకింట్లో రేకు డబ్బాలు చేసే మామ ఉండేవాడు. చుట్టం కాదు, పిలుపుకే మామ. సాస్తి వైపు బొగ్గుగనులకు పోయేవాళ్లు జొన్నరొట్టెలు పట్టుకుపోయే డబ్బాలు ఆయన చేతివే. మూత లోతుగా, బిర్రుగా ఉండేది. తర్వాత నాగపూర్ నుంచి మెరిసే స్టీలు డబ్బాలు దిగాయి. వాటి పక్కన మామ డబ్బాలు వెలవెలబోయాయి. నిజం చెప్పాలంటే నాకూ స్టీలువే నచ్చాయి. చివరికి ఒకనాడు మామ వచ్చి, తన రేకు కత్తెర, సుత్తులు అమ్మిపెట్టమని బాపమ్మకు ఇచ్చాడు. ఎల్లుండి నుంచి బల్లార్‌పూర్ స్టేషన్‌లో మూటలు మోయడానికి పోతానన్నాడు. వెంట వచ్చిన అత్త గుమ్మం దగ్గరే నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బాపమ్మ వాటిని తన పీట కింద పెట్టింది. మర్నాడు పొద్దున, గనిలో పనిచేసే మా కాకకు, అంటే చిన్నాన్నకు, రెండు డబ్బాలు కట్టింది. ఒకటి స్టీలుది, ఒకటి మామది. రెండింట్లోనూ రొట్టెలను కొత్త తెల్లగుడ్డలో చుట్టింది. తిన్నాక గుడ్డలు మళ్లీ డబ్బాల్లోనే పెట్టి తెమ్మంది. ఈ ముసలమ్మకు ఏమైందోనని కాక నవ్వుకుంటూ పోయాడు.

సాయంత్రం కాక డబ్బాలు అరుగు మీద పెట్టి స్నానానికి వెళ్లాడు. తెరిచి చూస్తే స్టీలు డబ్బాలోని గుడ్డ బొగ్గుదుమ్ముతో నల్లబడి ఉంది. బాపమ్మ మెచ్చుకుంటుందని రెండు గుడ్డలకూ సబ్బు పెట్టి తళతళలాడేలా ఉతికేశాను. అంతలో ఆమె దుకాణం నుంచి వచ్చింది.

"గుడ్డలేవి బిడ్డా? దుకాణం ముందట వేలాడదీయాలె. ఏ మూత దుమ్ము ఆపుతదో గనికి పోయేటోళ్లకు అవే చెప్తయి."

తెల్లారితే మామ వెళ్లిపోతాడు. ఇప్పుడే తెస్తానని దొడ్లోకి ఉరికి, చల్లారిన పొయ్యిలోంచి బొగ్గు తీసి ఒక గుడ్డకు పులిమి తెచ్చాను.

బాపమ్మ దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. తడిగుడ్డ మీద నా వేళ్ల గుర్తులు వరసగా ఉన్నాయి. తిట్లు తప్పవనుకున్నాను. ఆమె నన్ను దగ్గరికి తీసుకుంది. స్టీలు డబ్బా గుడ్డ నిజంగానే నల్లగా వచ్చిందని ఏడుస్తూ చెప్పాను.

"నువ్వు చూసినవ్, నేను నమ్ముత. కానీ గిది నువ్వు పూసిన మసి. గని పూసింది కాదు. గిట్ల జేస్తే రేపు మామ మాట ఎవలు నమ్ముతరు?"

అప్పటికప్పుడు వెనకింటికి వెళ్లి, ఒక్కరోజు ఆగు కొడుకా అని మామను బతిమాలింది. అంత బింకపు మనిషి ఒకరిని బతిమాలడం నేను చూడటం అదే మొదలు. నా పేరు మాత్రం ఎత్తలేదు.

మర్నాడు, నేను పూసిన మసి ఉతికేశాక, గుడ్డలు మళ్లీ గనికి పోయి వచ్చాయి. ఈసారి నేను ముట్టుకోలేదు. స్టీలు డబ్బాలోది మళ్లీ నల్లబడింది. మామ డబ్బాలోది తెల్లగానే ఉంది, కానీ ఒక మూలన సన్నటి మసిగీత కనబడింది. ముందురోజు ఉతికే తొందరలో నేను దాన్ని చూడనే లేదు. అయిపోయింది, ఇక మామ ఊళ్లో ఉండడు అనుకున్నాను. బాపమ్మ ఆ గీతను దాచలేదు. రెండు గుడ్డలనూ దుకాణం ముందు కట్టి మామను పిలిచింది.

మామ నల్లగుడ్డ వైపు చూడనైనా చూడలేదు. ఆ గీతనే చూశాడు. మూత అంచు మీద వేలు నడిపి, ఒకచోట ఆగాడు.

"గీడ అతుకు లేచింది అమ్మా. నా కత్తెర ఎవలకన్న అమ్మినవా?"

బాపమ్మ పీట కింద నుంచి కత్తెర, సుత్తులు తీసి ఇచ్చింది. చీకటిపడేదాకా వెనకింట్లో సుత్తి చప్పుడు వినబడుతూనే ఉంది. బల్లార్‌పూర్ మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. గని నుంచి వచ్చేవాళ్లు ఆ గుడ్డల కింద ఆగి, ఈ మూతవి ఉన్నాయా అని అడగసాగారు.

ఇప్పుడు మా వాడ ఆడవాళ్లు పత్తి ఏరే సంచులు కుడుతున్నారు. నా మనవరాలు వాటి ఫోటోలు తీసి కోర్పనా వైపు రైతుల ఫోన్లకు పంపుతుంది. కొత్త సంచి వద్దు, ఒక రోజంతా చేనులో తిరిగొచ్చిన సంచి ఫోటో పెట్టమని దాని ప్రాణం తీస్తుంటాను. మొన్న ఒక సంచికి పట్టీ దగ్గర కుట్టు విడిపోయింది. పిల్ల ఆ వైపు కనబడకుండా సంచిని తిప్పి పెట్టింది. నేను దాన్ని ఇటు తిప్పి, ఫోటో తీసేముందు ఆ సంచి కుట్టినామెను పిలుచుకు రమ్మన్నాను. తప్పు చేశానని పిల్ల తలవంచుకుంది. నా నోటి సంగతి దానికి తెలుసు, తిట్లు తప్పవనుకుంది. నాకు మా బాపమ్మ గుర్తొచ్చి కళ్లు చెమ్మగిల్లాయి. దాన్ని దగ్గరికి తీసుకున్నాను.