ఆవుల తర్వాతే డీజిల్

నైరోబీలో ఫోన్ కంపెనీలో ఇరవై ఏడేళ్లు పనిచేసి ముతీసో రిటైరయ్యాడు. అన్నేళ్లూ పొద్దున్నే కొండమీది టవర్ కాపలాదారు పార్సలోయ్‌కి ఫోన్ చేసేవాడు. ముందు ఆవుల క్షేమం, తర్వాత వాన సంగతి, చివరికి జనరేటర్లో డీజిల్. పశువులే ఆస్తిగా బతికే పార్సలోయ్ వాళ్ల మాసాయి తెగ మర్యాద అది. వరస తప్పితే పార్సలోయ్ నోరు విప్పడు. ఇప్పుడు ముతీసోకి పొద్దు గడవడం లేదు.

నెల తర్వాత పార్సలోయే ఫోన్ చేశాడు. ముతీసో ఆత్రం ఆపుకోలేక, "డీజిల్ ఎంతుంది?" అన్నాడు.

"ఏందన్నా, ఉద్యోగంతోపాటు మర్యాద కూడా అప్పజెప్పొచ్చావా? నా ఆవులేమైనా చచ్చాయా?"

ముతీసో సిగ్గుపడి ఆవుల్ని పేరుపేరునా అడిగాడు. వాన సంగతీ అడిగాడు. ఆ తర్వాత మళ్లీ డీజిల్ దగ్గరికొచ్చాడు.

"డీజిల్ లెక్క ఇప్పుడు కొత్తాయనకి చెప్తున్నాలే అన్నా."

"తెలుసు. అయినా చెప్పు."

"సగం ట్యాంకు. రేపు చెయ్యి, మళ్లీ చూసి చెప్తా."