మా గోడ అవతలి టైర్లు

ఊరు శుభ్రం చేయడమంటే చెత్తను అందరి ఇళ్ళ ముందు నుంచీ తీసి ఒకరి ఇంటి పక్కన పోయడమని గవర్నమెంటు దగ్గరే నేర్చుకున్నాను. ఆ ఒకరి ఇల్లు మాది.

నర్సీపట్నంలో పాత టైరు ఎప్పుడూ పనిలేకుండా పడి ఉండేది కాదు. లారీ టైరును కోసి చెప్పులకు అడుగులు వేసేవాళ్ళు. పశువులకు కుడితి తొట్టెలు చేసేవాళ్ళు. రేకుల ఇళ్ళవాళ్ళు గాలికి రేకులు లేవకుండా పైన బరువు పెట్టుకునేవాళ్ళు. అలా పైకెక్కించే టైరుకు ముందుగా పక్కల్లో కత్తితో గాట్లు పెట్టేవాళ్ళు, వాన నీళ్ళు నిలవకుండా. ఇందుకోసం ఎవరూ వాళ్ళకు సదస్సులు పెట్టలేదు, కరపత్రాలు పంచలేదు.

ఆ వేసవిలో మైకు కట్టిన ఆటో ఒకటి వీధి వీధీ తిరిగింది. పాత టైర్లు ఇకమీద ఎవరూ ఇంట్లో ఉంచుకోకూడదట, కాల్చకూడదట, అన్నీ గవర్నమెంటే సేకరించి రీసైక్లింగుకు పంపుతుందట. విని సంతోషించాను కూడా. నేను స్కూల్లో సైన్సు చెబుతాను, టైరు పొగ ఎంత విషమో పిల్లలకు ఏటా చెప్పేదాన్నే. ఆ తర్వాత ట్రాక్టరు వచ్చింది. షాపుల దగ్గరవి ఎక్కించుకున్నారు, దొడ్లలోవి ఎక్కించుకున్నారు, రేకుల మీద ఉన్నవి నిచ్చెన వేసి మరీ దింపించారు. అన్నీ తెచ్చి మా ప్రహరీ గోడ పక్కనున్న ప్రభుత్వ స్థలంలో పోశారు. ఇదేమిటండీ అని అడిగితే, వానలు పడేలోగా లారీ వచ్చి ఎత్తుకుపోతుందన్నారు.

వానలు వేళకే వచ్చాయి. లారీ రాలేదు.

సరిగ్గా అప్పుడే మా చెల్లి తొలి కాన్పుకు నా దగ్గరకు వచ్చింది. అమ్మ లేదు కాబట్టి దానికి నా ఇల్లే పుట్టిల్లు. ఏడో నెల. దాని గది కిటికీ ఆ స్థలం వైపే ఉంది. కిటికీకి జాలీ కొట్టించాను, వేపాకు పొగ వేశాను. ఆ దోమలు రాత్రిదాకా ఆగే రకం కాదు, పట్టపగలే కుట్టేవి. గోడ మీంచి తొంగిచూస్తే గాట్లు లేని ప్రతి టైరులోనూ నీళ్ళే, ఆ నీళ్ళ నిండా దోమ పురుగులే. గర్భిణికి డెంగీ వస్తే ఏమవుతుందో చదువుకున్నదాన్ని, నాకు నిద్ర పట్టేది కాదు.

మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి అధికారి కుర్చీ వేయించి మర్యాదగానే మాట్లాడాడు.

"సేకరించడం వరకే మాది మేడమ్. పట్టుకెళ్ళడం రీసైక్లింగ్ కంపెనీవోళ్ళ పని."

"వాళ్ళెప్పుడొస్తారు?"

"లారీకి నిండుగా లోడవ్వాలి కదండీ. మన ఊరొక్కదానికీ అవ్వదు. కోటవురట్లవి, పాయకరావుపేటవి కూడా రావాల. ఆ తర్వాత పైనుంచి పర్మిషనొస్తాది."

"పోనీ, ఈలోగా టైర్లకు కన్నాలు పెట్టించండి. నీళ్ళు నిలవవు. ఖర్చు నేను పెట్టుకుంటాను."

ఆయన నా వైపు జాలిగా చూశాడు. "అమ్మో, అలా సెయ్యకూడదండీ. మా లెక్కలోకి వొచ్చీసిన టైరు గవర్నమెంటు ఆస్తి. డేమేజీ అయితే కంపెనీవోళ్ళు తీసుకోరు."

ముక్కలుగా నరికి కరిగించబోయే టైరు, కన్నం పెడితే పాడైపోతుందట! ఒళ్ళు మండిపోయింది. రేకుల మీద గాట్లతో ఉన్నంతకాలం అది ఎవరికీ హాని చేయలేదు. గాట్లున్న ఆ టైర్లే నయం, వాటిలో ఇప్పటికీ చుక్క నిలవలేదు. షాపుల నుంచి తెచ్చిన వందలాది టైర్లు మాత్రం చిన్నచిన్న చెరువులై కూర్చున్నాయి. ఇది చెప్పినా ఆయన చెవిన పెట్టలేదు.

శుక్రవారం శుక్రవారం ఒకావిడ వచ్చేది. కాంట్రాక్టు మీద పనిచేసే మలేరియా వర్కరు, నా ఈడుదే. నీళ్ళ నిల్వలు పారబోయించడం ఆవిడ డ్యూటీ. చివరనున్న ఒక టైరును ఫోన్లో ఫొటో తీసేది. దాన్ని వంచి నీళ్ళు ఒలకబోసి ఇంకో ఫొటో తీసేది. అంతే, వెళ్ళిపోయేది.

"మిగతావాటి సంగతేటి?" అని గోడ మీంచి అడిగాను.

"ఒక సైటుకి రెండు ఫొటోలేనమ్మా. ముందొకటి, తరవాతొకటి. రెండూ పెడితే యాప్‌లో పచ్చ టిక్కొచ్చెస్తాది. ఇన్ని టైర్లు నానొక్కదాన్నీ ఎలా వంచుతాను సెప్పండి?"

ఆవిడ అన్నదీ నిజమే. రాజధానిలో ఎవరో చల్లని గదిలో కూర్చుని ఆ పచ్చ టిక్కులు చూసుకుని మా ఊరు బాగుందనుకుంటూ ఉంటారు.

చెల్లికి జ్వరం వచ్చింది. ఇక్కడి ఆసుపత్రిలో రక్తం చూసి డెంగీ అన్నారు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి, విశాఖ తీసుకుపొమ్మన్నారు. అంబులెన్సులో అది నా చెయ్యి పట్టుకుని, "అక్కా, లోపల కదలట్లేదే" అంది. ఆ దారి పొడుగునా నేను దేవుణ్ణి తలుచుకోలేదు. కుర్చీ వేయించిన ఆ అధికారిని తలుచుకున్నాను, నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను.

ఇద్దరూ దక్కారు. నెలలు నిండకుండా పుట్టిన పాప అద్దాలపెట్టెలో ఉండి, గుప్పెడంత ప్రాణంతో ఇంటికొచ్చింది.

మేమింకా విశాఖలో ఉండగానే మా ఇంట్లో తనిఖీ జరిగింది, జ్వరం వచ్చిన ఇల్లు కదా! కరివేపాకు కుండీ కింద పళ్ళెంలో పురుగులు దొరికాయట. 'ఈ ఇంట్లో దోమల పెంపకం జరుగుతున్నది' అని మా గేటుకు కాగితం అంటించి పోయారు. గోడకు ఇవతల పళ్ళెం నాది కాబట్టి నేరం నాది. గోడకు అవతలి గుట్ట ఎవరిదీ కాదు. ఆ కాగితాన్ని చింపి, నలిపి, ఆ అధికారి బల్ల మీదే పడేసి వచ్చాను. ఆయన దాన్ని తీసి చదివి, "ఇది హెల్తువోళ్ళదండీ, మాది కాదు" అన్నాడు.

లారీ ఇప్పటికీ రాలేదు. వానలు పోయి ఎండలు ముదిరాయి. పాప బరువు పెరగనిదే పంపకూడదని చెల్లిని నా దగ్గరే ఉంచుకున్నాను. రెండోసారి డెంగీ వస్తే మొదటిదానికంటే ప్రమాదమని డాక్టరు హెచ్చరించారు. అందుకని తల్లీపిల్లా పగలు కూడా దోమతెరలోనే ఉంటున్నారు. చెల్లి అన్నం కూడా తెరలోనే తింటుంది. ఎండ పుణ్యమా అని టైర్లలో నీళ్ళన్నీ ఇగిరిపోయాయి. చాలా నెలల తర్వాత కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

మొన్న శుక్రవారం ఆ వర్కరు మా గేటు తట్టింది. చెమటతో తడిసిపోయి ఉంది.

"అమ్మా, ఓ బకెట్ నీళ్ళిస్తారా?"

కాళ్ళు కడుక్కోవడానికేమో అనుకున్నాను. లోపలికి రమ్మన్నాను.

"నాక్కాదమ్మా. టైర్లో పొయ్యాల. అన్నీ ఎండిపోనాయి. నీళ్ళున్న ఫొటో ముందెట్టకపోతే పారబోసిన ఫొటో యాప్ తీసుకోదు. ఫొటో నేకపోతే నాను డ్యూటీకి రానట్టే. బేగి ఎలిపోతానమ్మా."

"లోపల ఎవరున్నారో తెలిసే అడుగుతున్నావా?" అన్నాను. నా గొంతు వీధి చివరిదాకా వినబడి ఉంటుంది.

ఆవిడ తల దించుకుంది. "తెలుసమ్మా" అని మాత్రం అంది. నేను గేటు వేసేశాను.

గోడ మీంచి చూశాను. ఆవిడ కాసేపు ఆ ఎండలో నిలబడింది. సంచీలోంచి తను తాగడానికి తెచ్చుకున్న సీసా తీసి, మూత విప్పి, నీళ్ళన్నీ ఒక టైరులో పోసింది. ఫొటో తీసింది. వంచింది. మళ్ళీ ఫొటో తీసింది. ఫోను టింగుమంది. ఖాళీ సీసా సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

టైరును ఎంత వంచినా ఒంపులో కాసిని నీళ్ళు ఉండిపోతాయి. చుట్టూ అంతా ఎండి బీటలు వారిన ఆ స్థలంలో, అంత పెద్ద గుట్టలో, ఆ ఒక్క టైరులోనే నీళ్ళున్నాయి.