ఎంగిలి పీక

నా రాతబల్ల సొరుగులో ఒక ప్లాస్టిక్ పీక ఉంది. సన్నాయి కొనకు తగిలించి ఊదే పీక. చిటికెన వేలిలో సగం కూడా ఉండదు. పెన్ను కోసం సొరుగు లాగినప్పుడల్లా దొర్లుకుంటూ ముందుకొస్తుంది. దాన్ని చూసిన ప్రతిసారీ ఒళ్ళు మండుతుంది. పారేయవచ్చు. పారేయను.

మా వైపు పీక అంటే గొంతు. సన్నాయికి గొంతు అదే గనక దానికీ ఆ పేరే వచ్చిందని నాకు చెప్పింది మా ఊరి సన్నాయి విద్వాంసుడు. మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. మా నాన్న ఆయన్ని బావా అనేవాడు, కాబట్టి నాకు మామ. ఆయన సాయిబు, మేము మిరప వేసుకునే రైతులం. ఈ వరస ఎవరు కలిపారో రెండిళ్ళలో ఎవరికీ తెలియదు. మా రామాలయంలో కళ్యాణానికి ఆయన తాత వాయించాడు, తండ్రి వాయించాడు, తర్వాత నలభై ఏళ్ళు ఆయన వాయించాడు.

ఆయన పీకలన్నీ ఒక పాత జర్దా డబ్బాలో ఉండేవి. కావేరి ఒడ్డున పెరిగే ఒక రకం గడ్డి కాడను ఉడకబెట్టి, ఎండబెట్టి, అణిచి, దారంతో కట్టి చేస్తారు వాటిని. అరవదేశం నుంచి తెప్పించుకునేవాడు. పది వస్తే మూడు పలికేవి. వాయించబోయే ముందు ఒకదాన్ని నోట్లో వేసుకుని, నాలుక కింద నానబెట్టి, అప్పుడు సన్నాయికి తగిలించేవాడు. నానేంత సేపూ మాట్లాడేవాడు కాదు. ఆ సమయంలో ఎవరు పలకరించినా చెయ్యి ఎత్తి ఆగమనేవాడు.

"నీళ్ళలో ముంచితే పోదా మామా?" అని ఒకసారి అడిగాను.

"నీళ్ళు పైపైన తడుపుతాయి అల్లుడూ. నోట్లో అయితే వెచ్చగా లోపలికంటా పడతది. ఇవాళ మాట వింటదా, మొండికేస్తదా అని నాలిక్కి ముందే తెలుస్తది."

ప్లాస్టిక్ అంటే ఆయనకు విరోధమేమీ లేదు. ఒకటి గుంటూరు బ్రాడీపేటలో బ్యాండు సామాను అమ్మే కొట్లో తనే కొనుక్కొచ్చాడు. మిట్టమధ్యాహ్నం ఊరేగింపుల్లో, మిరపకాయల లారీలు లేపే దుమ్ములో, గడ్డి పీక గంటలో ఎండి చీలిపోతుంది. ప్లాస్టిక్‌ది చీలదు, తడపక్కర్లేదు, నెలల తరబడి ఒకేలా పలుకుతుంది.

"ప్లాస్టిక్కుది గుమాస్తా. వేళకొస్తది, వేళకి పోతది. గడ్డిది ఇంటల్లుడు. అలుగుతది. నీకు మల్లే" అని నవ్వేవాడు.

రోడ్డు మీద గుమాస్తా, దేవుడి ముందు అల్లుడు. అది ఆయన ఎంపిక. ఏది ఎప్పుడు తగిలించాలో ఇంకొకళ్ళు చెప్పడమనేది ఆయన బతుకులో లేదు. నేను ఆయన మీద పేపర్లో రాసేదాకా.

గుంటూరులో నేను విలేకరిని. జిల్లా ఎడిషన్‌లో ఆదివారం పూట నాదొక కాలమ్ వచ్చేది. ఆయన గురించి అందులో సగం పేజీ రాశాను. రెండు రకాల పీకల సంగతీ రాశాను. ఒక వాక్యం దగ్గర ఆగి చాలాసేపు ఆలోచించాను. పీకను తడిపి అనాలా, నానబెట్టి అనాలా? రెండూ చప్పగా అనిపించాయి. చివరికి "ఆయన పీకను ఎంగిలి చేసి దానికి ప్రాణం పోస్తాడు" అని రాశాను. రాసి మురిసిపోయాను. శీర్షిక కూడా నేనే పెట్టాను: ఎంగిలితో ప్రాణం.

మామ ఆ పేజీ ఇంట్లో వాళ్ళ చేత చదివించుకుని నాకు ఫోన్ చేశాడు. బాగుందన్నాడు. కాస్త ఆగి, "ఎంగిలి అన్నావేంది అల్లుడూ?" అన్నాడు.

"అందంగా ఉంటుందని మామా."

"ఊఁ. మీ కాగితానికి."

అప్పుడైనా నాకు బుద్ధి రావలసింది. మా ఇళ్ళలో పుట్టినవాడికి ఎంగిలి అంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కర్లేదు. ఎంగిలి చెయ్యి, ఎంగిలి కంచం, ఎంగిలి గ్లాసు. ఎవరి నోరు దేనికి తగలకూడదో, ఎవరి గ్లాసు ఏ చూరులో విడిగా ఉండాలో తేల్చిన మాట అది. దాన్ని తీసుకెళ్ళి, ఒక సాయిబు నోటి పక్కన, గుడి పక్కన, పెద్ద అక్షరాల్లో పెట్టాను. అందం కోసం.

శ్రీరామనవమికి పది రోజుల ముందు గుడి కమిటీ ప్రెసిడెంటు మామను రమ్మని కబురు పెట్టాడు. ఆయనకు పత్తి మిల్లు ఉంది. మామ వెంట, ఆయన పక్కన డోలు వాయించే బావమరిది వెళ్ళాడు, నేనూ వెళ్ళాను. ప్రెసిడెంటు ముందు బల్ల మీద నా వ్యాసం ఉంది. లామినేషన్ చేయించి పెట్టాడు.

"మాకేం అభ్యంతరం లేదు సాయిబూ. నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటన్నారు. కరోనా తర్వాత జనానికి ఎంగిలంటే భయం గదా. స్వామి ముందర ఆ ప్లాస్టిక్కుదే పెట్టుకో, అయిపోద్ది" అన్నాడు.

"అదీ నోట్లోనే పెట్టుకోవాలండి. ముక్కుతో ఊదరు" అన్నాడు డోలాయన.

"దాన్ని తడపక్కర్లేదంట గదయ్యా. పేపర్లోనే ఉందిగా." లామినేషన్ మీద వేలితో రెండుసార్లు కొట్టాడు.

నాకు ఆగలేదు. "పూజారి గారు శంఖం నోటితోనే ఊదుతారు గదండీ. దానికీ ప్లాస్టిక్‌ది చేయిస్తారా?"

ప్రెసిడెంటు నవ్వాడు. "అదీ ఇదీ ఒకటేనా? మీరు చదువుకున్నోళ్ళు."

"ఎట్లా ఒకటి కాదో చెప్పండి."

"నా చేత అనిపించొద్దు విలేకరి గారూ. ఎంగిలన్నది మీరు. నేను చదివానంతే."

నలభై ఏళ్ళు ఆ నోరు ఎవరిదో ఎవరికీ గుర్తు రాలేదు. ఇప్పుడు వచ్చింది. అది పైకి అనడానికి మాత్రం ఆ పెద్దమనిషికి మొహమాటం అడ్డమొచ్చింది. ఆ మొహమాటం తీర్చే మాట నేను అందించాను. ఆయన గల్లా పట్టుకోవాలనిపించింది. పట్టుకుంటే నా గల్లా కూడా పట్టుకోవాలి.

మామ లేచి నిలబడ్డాడు. "మీరిద్దరూ ఆగండి. ప్లాస్టిక్కుదే పెడతానండి" అన్నాడు.

బయటికొచ్చాక డోలాయన రెచ్చిపోయాడు. "నీకు పౌరుషం లేదా బావా?"

"ఉందిరా. కళ్యాణం కూడా ఉంది" అన్నాడు మామ. అంతే.

నేను గుంటూరు వచ్చి సవరణ వెయ్యమని డెస్కుకు ఫోన్ చేశాను. "ఏం తప్పు పడింది?" అని అడిగారు. ఎంగిలి అన్న మాట అన్నాను. "ఆయన నోట్లో పెట్టుకుంటాడా, పెట్టుకోడా?" పెట్టుకుంటాడన్నాను. "మరి సవరణ దేనికి?" పేరు తప్పు పడితే సవరణ ఉంది. అంకె తప్పు పడితే ఉంది. నిజమే రాసి మనిషి పరువు తీస్తే దానికి మా వృత్తిలో పెట్టె కట్టి సవరణ వేసే పద్ధతి లేదు.

నవమి రోజు పందిట్లో ముందు వరసలో కూర్చున్నాను. మామ సన్నాయికి ఎప్పుడూ నాలుగైదు గడ్డి పీకలు దారంతో గుత్తిగా వేలాడుతుండేవి. ఆ రోజు దారం ఒక్కటే వేలాడుతోంది. పీకలన్నీ విప్పి ఇంట్లో పెట్టి వచ్చాడు. దగ్గరుంటే చెయ్యి వాటి మీదికి పోతుందని కాబోలు.

వాయించాడు. అన్ని స్వరాలూ పలికాయి. ఒక్కటీ అలగలేదు. ఒక స్వరం ఇంకోదాని మీదికి జారే చోట, ఎప్పుడూ నా వెన్ను జలదరించే చోట, మెట్టు దిగినట్టు దిగింది పాట. తాళి కట్టేటప్పుడు గట్టిమేళం కూడా నిండుగానే మోగింది. జనం ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసుకున్నారు, అక్షింతలు వేశారు. ఎవరికీ ఏ తేడా తెలియలేదు. నాకు ఎక్కువ కోపం వచ్చింది అందుకే.

ప్రెసిడెంటు తాంబూలం ఇస్తూ, "చూశావా సాయిబూ, ఏం తేడా ఉంది?" అన్నాడు.

"మీకు లేదుగా. చాలండి" అన్నాడు మామ.

పందిరి దాటాక ఆ పీక ఊడదీసి, పంచె కొంగుతో శుభ్రంగా తుడిచి, నా చేతిలో పెట్టాడు.

"దీన్ని నువ్వు ఉంచుకో అల్లుడూ."

"నాకెందుకు మామా?"

"నీ మాటకి కుదిరిన పీక."

అంతకు మించి ఆయన నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు.

మరుసటి ఏడు పళ్ళు కదులుతున్నాయని చెప్పి కళ్యాణానికి వెళ్ళలేదు. కమిటీ వాళ్ళు ఫోన్లో సన్నాయి పెట్టి మైకుకు తగిలించారు. సరిగ్గా తాళి కట్టే వేళకు స్పీకర్లో పత్తి పురుగు మందు ప్రకటన వచ్చింది. ఊరంతా నవ్విందట.

అందుకే ఈ ఏడు ప్రెసిడెంటు నాకు ఫోన్ చేశాడు. "మీరు చెబితే వింటాడు. గడ్డిదే తెచ్చుకోమనండి, మాకేం పట్టింపు లేదు. మండపం వెనక్కెళ్ళి, ఎవరూ చూడకుండా నోట్లో పెట్టుకుని తడుపుకుని రమ్మనండి చాలు."

చెప్పకుండా ఉండవలసింది. నాకూ ఆ సన్నాయి మళ్ళీ మా గుళ్ళో వినాలని ఆశ ఉంది. వెళ్ళాను.

మామ వరండాలో జర్దా డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పళ్ళన్నీ గట్టిగానే ఉన్నాయి. కబురు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన డబ్బాలోంచి ఒక పీక ఏరి నోట్లో వేసుకున్నాడు. నేను నోరు తెరవబోతే చెయ్యి ఎత్తి ఆగమన్నాడు. వీధిలో పత్తి కట్టె మోపులతో ట్రాక్టరు వెళ్ళింది. ఆ శబ్దం పూర్తిగా పోయేదాకా ఇద్దరం కూర్చున్నాం. తర్వాత పీక తీసి సన్నాయికి తగిలించి వాయించడం మొదలుపెట్టాడు. వీధిలోకి తిరిగి, అందరికీ కనిపించేలా.

ఆ జారే చోటు వచ్చింది. నేను తల దించుకున్నాను.

మధ్యలో ఫోన్ మోగింది. ప్రెసిడెంటే. "ఏమన్నాడండీ?"

ముప్పై ఏళ్ళ విలేకరి ఉద్యోగంలో ఎవరూ అనని మాట అన్నట్టు నేను ఒక్కసారీ రాయలేదు. అది నా గొప్ప. ఆ రోజు అన్నాను. "ఈసారి శంఖం కూడా మండపం వెనకే ఊదిస్తే అప్పుడు వస్తానన్నాడండీ."

 ప్రెసిడెంటు ఫోన్ పెట్టేశాడు.

మామ సన్నాయి ఒళ్ళో పెట్టుకుని నా వంక చూస్తున్నాడు.

"నేనన్నానా ఆ మాట?"

"లేదు మామా."

"మాట బాగుంది" అన్నాడు. పీక ఊడదీసి దారానికి కట్టుకుంటూ, "అదీ నాది కాదు" అన్నాడు.