విడిది బడి

రేపల్లె రైలు లైనులో నాకు మొదటి ఉద్యోగం ఇచ్చిన బడికి రెండు గదులు, ఒక వరండా, చుట్టుపక్కల ఊళ్ళల్లో బోలెడంత పేరు ఉండేవి. ఆ పేరు చదువు వల్ల వచ్చింది కాదు. ఊళ్ళో కాస్త ఉన్నవాళ్ళ ఇంట పెళ్ళయితే మగపెళ్ళివారిని దింపేది ఆ బడిలోనే. పొన్నూరు నుంచి వచ్చినా, అంగలకుదురు నుంచి వచ్చినా, "విడిది ఎక్కడండి?" అంటే "ఇంకెక్కడ, బడే కదా" అనేవారు. ఆ ఊరి పిల్లల్ని కోడళ్ళుగా తెచ్చుకున్న ప్రతి ఊళ్ళోనూ మా బడిలో నిద్రపోయినవాళ్ళు ఉన్నారు. చదివినవాళ్ళ కన్నా వాళ్ళే ఎక్కువని నా అనుమానం.

నేను తెనాలివాణ్ణి. బాపట్లలో డిగ్రీ చదివి, ఆ తరవాత టీచరు ట్రైనింగు చేశాను. ట్రైనింగులో బడి గురించీ సమాజం గురించీ ఒక పేపరు ఉండేది. బడి సమాజానికి గుండెకాయ అని అందులో రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఆ సమాజం పరుపులతో, పెట్టెలతో, మరచెంబులతో సహా బడిలోకి వచ్చేసింది.

ఆ ఉదయం ఆరో తరగతికి పౌరశాస్త్రం చెబుతున్నాను. ప్రజల ఆస్తిని కాపాడటం ప్రతి పౌరుడి విధి అనే చోటికి వచ్చేసరికి, కిటికీ అవతల ఇద్దరు మనుషులు పలుగులతో మా ఆవరణలో పెళ్ళివంటలకు గాడిపొయ్యి తవ్వడం మొదలుపెట్టారు.

"సార్, మరి వాళ్ళు పౌరులు కాదాండి?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

నేను పుస్తకం వైపు చూశాను. అందులో గాడిపొయ్యి గురించి ఏమీ లేదు. కాసేపటికి బల్లలు బయటికి వెళ్ళాయి, పరుపులు లోపలికి వచ్చాయి. భారతదేశం పటం తగిలించే మేకుకి అద్దం తగిలించి పెళ్ళికొడుకు బాబాయి గడ్డం గీసుకున్నాడు. పటం ఏమైందని వాకబు చేస్తే, తలుపు లేని రెండో గదికి తెరగా కట్టారని తెలిసింది. ఆడపెళ్ళివారు మర్యాద తెలిసినవాళ్ళు. టీచర్లకు మొదటి బంతిలోనే ఆకులు వేశారు. పిల్లలకు సెలవు వేశారు.

మా హెడ్మాస్టరు గారు మంచి మనిషి. బడికి లోకల్ సెలవులు ఎప్పుడెప్పుడు ఇవ్వాలో ఆయన పంచాంగం చూసి నిర్ణయించేవారు. ఆ సెలవులు అయిపోయాక కూడా ముహూర్తాలు మిగిలితే, బడి కాగితం మీద నడిచేది. ఒకసారి నేను ఆయన దగ్గర గొణిగాను.

"ఏంటయ్యా నీ బాధ?" అన్నారు. "ఆ గోడలు చూడు. తెల్లగా ఉన్నాయా, లేవా?"

"ఉన్నాయండి."

"గవర్నమెంటు వేయించిందనుకుంటున్నావా సున్నం? పెళ్ళికి బడి ఇస్తే వాళ్ళు వేయిస్తారు. పగిలిన పెంకులు మార్పిస్తారు. ఈ ఊళ్ళో ఆడపిల్లలు పుట్టడం మానేస్తే ఈ బడి కూలిపోద్దయ్యా."

ఇది కొట్టిపారేయదగ్గ వాదన కాదు. పాఠశాలల అభివృద్ధి గురించి పైనుంచి కాగితాలు వస్తూనే ఉండేవి. అవి మండలం ఆఫీసు దాకా క్షేమంగా వచ్చి, అక్కడ స్థిరపడేవి. సున్నం మాత్రం పెళ్ళిళ్ళ నుంచే వచ్చేది.

ఆ సున్నానికి ఎవరు ఏం ఇచ్చుకుంటున్నారన్నది ఎవరూ అడగలేదు. విడిది కోసం బడిని వాడుకునేవాళ్ళ పిల్లలెవరూ ఆ బడిలో చదవరు. వాళ్ళు టైలు కట్టుకుని తెనాలిలో కాన్వెంట్లకు వెళ్ళేవారు. మా దగ్గర మిగిలింది ఊరికి దక్షిణాన, చర్చి చుట్టూ ఉన్న కూలివాళ్ళ ఇళ్ళ పిల్లలు.

ఏడో తరగతిలో ఆ ఇళ్ళ నుంచి ఒక పిల్ల వచ్చేది. ఆ రోజుల్లో ఏడుకి కామన్ పరీక్ష. అందులో ఫెయిలైతే హైస్కూలు లేదు. ఆ పిల్ల ఒకసారి చెబితే పట్టేసే రకమని రాయాలని నాకూ ఉంది. కానీ లెక్కల్లో ఆ పిల్లా నేనూ ఇంచుమించు సమానం. నా పుస్తకంలో వెనక జవాబులు ఉండేవి, అంతే తేడా. వాళ్ళమ్మ పసుపు కళ్ళాల్లో పనిచేసేది. ఉడకబెట్టిన పసుపు కొమ్ములు ఎండలో పోసి, తిరగేసి, మళ్ళీ కుప్ప చేసి, ఆ కాలమంతా ఆమె చేతులు పచ్చగానే ఉండేవి. తండ్రి తేల్చి చెప్పేశాడు. పాసైతే రైలెక్కి రేపల్లె హైస్కూలుకి, తప్పితే అమ్మ వెనకాల కళ్ళానికి.

సరిగ్గా పరీక్షల ముందు ప్రెసిడెంటు గారి అమ్మాయికి పెళ్ళి కుదిరింది. మా వైపు సర్పంచిని ప్రెసిడెంటు గారనే అంటారు. పెళ్ళికొడుకుది బాపట్ల. ప్రెసిడెంటు గారింట పెళ్ళంటే ఒక పూట విడిదితో పోయేది కాదు. ముందు సున్నానికి, మధ్యలో పందిళ్ళకు, తరవాత సర్దుళ్ళకు, మొత్తం మీద పరీక్ష ముందు వారమంతా బడి మాది కాదు.

"ఇంటి దగ్గర చదువుకోమను" అన్నారు హెడ్మాస్టరు గారు.

ఆ పిల్ల ఇంట్లో పగలు ఉండేది ఒక మేక. దానికి లెక్కలు వచ్చని ఎవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రం నేను రైలుకి బయలుదేరుతుంటే వాళ్ళమ్మ పని నుంచి అటే వచ్చి ఆపింది.

"మేస్టారూ, బడి మూసేస్తున్నారంటగా?"

"మూయడం కాదమ్మా. పెళ్ళివారికి ఇస్తున్నారు."

"మా పిల్లకి లెక్కలు ఇంకా రాలా."

"అవునమ్మా."

"మరి పెళ్ళికొడుక్కొచ్చా?"

నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

"అసలు ప్రతిసారీ ఎందుకిస్తారండి బడి?" అంది. హెడ్మాస్టరు గారి వాదన నేను ఉన్నదున్నట్టు అప్పజెప్పాను. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు.

"సున్నం కోసమా? ఇదంతా సున్నం కోసమేనా?" అని మాత్రం అడిగి, వెళ్ళిపోయింది.

ఆదివారం ఆరాధన అవగానే ఆ ఇళ్ళవాళ్ళంతా చర్చి నుంచి నేరుగా బడికి వచ్చారు. పాస్టరు గారు ఆ రోజు ప్రసంగం కుదించారట. అంతకు ముందూ ఆ తరవాతా అది జరగలేదని విన్నాను. డ్రమ్ములో సున్నం నానేసి ఉంచారు. తెల్లచీరల కొంగులు బొడ్లో దోపుకుని ఆడవాళ్ళు కింది సగం, నిచ్చెనలెక్కి మగవాళ్ళు పై సగం. కబురు అంది నేనూ తెనాలి నుంచి వచ్చాను. నా చేతికి కుంచె ఇచ్చారు, కాసేపు చూశారు, మెల్లగా తీసేసుకున్నారు. ఇద్దరు కుర్రాళ్ళు ఊపులో ఉండి, ఎదురుగా ఏది కనిపిస్తే దానికి పూస్తూ, నల్లబల్లకి కూడా చక్కగా రెండు పూతలు వేశారు.

"ఒరేయ్ సన్నాసీ!" అని ఒక పెద్దావిడ అందుకుంది. "బల్లకి కూడా పూసేవేంట్రా! మేస్టారు బొగ్గుతో రాస్తాడంట్రా ఇంక?"

"ఎలుగొచ్చింది గదా పిన్నీ."

"నీ మొహానికి పూస్తే ఇంకా ఎలుగొచ్చేది."

తరవాత బొగ్గు నూరారు, దొండాకు దంచారు, బల్లను మళ్ళీ నలుపు చేశారు. పరీక్ష రాయవలసిన పిల్ల దాన్ని అరచేతులతో రుద్దుతూ కూర్చుంది. లెక్కలు చేయమన్నప్పుడు ఆ శ్రద్ధ నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు ప్రెసిడెంటు గారు వచ్చారు. తెల్లటి గోడలు చూసి ఒక మనిషికి అంత కోపం రావడం నేను మొదటిసారి చూశాను.

"ఎవరెయ్యమన్నారు సున్నం? నేనేయిస్తానన్నాగా! నా కూతురి పెళ్ళికి వీళ్ళ సున్నం ఏంటి?" అన్నారు. తరవాత నా వైపు తిరిగి గొంతు తగ్గించారు. "మాస్టారూ, మీరు చదువుకున్నవాళ్ళు. నాలుగు రోజులుండి పోయేవాళ్ళు. ఊరన్నాక ఒక పద్ధతుంటది."

"ఉంటదండి. బడన్నాక కూడా ఒకటి ఉంటదని విన్నాను."

ఈ మాట చాలా ధైర్యంగా అన్నానని తరవాత ఊళ్ళో చెప్పుకున్నారు. నిజానికి ఎంత మెల్లగా అన్నానంటే, ఆయనకు వినపడలేదు. "ఏంటీ?" అన్నారు. అప్పుడిక తప్పలేదు, మళ్ళీ అన్నాను.

ఆ మధ్యాహ్నమే హెడ్మాస్టరు గారు ఒంట్లో బాగాలేదని సెలవు చీటీ రాసి, తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్ళారు. ఆయన ఆరోగ్యం ఇలాంటి సమయాల్లో ఆయనకు బాగా సహకరించేది. ఆ వారమంతా బడి నడిచింది. తల్లులు వంతులు వేసుకుని, కొందరు కూలి మానుకుని, వరండాలో కూర్చునేవారు. పెళ్ళిపనివాళ్ళు పరుపులతో వచ్చేవారు, వాళ్ళను చూసేవారు, తిరిగి వెళ్ళేవారు. లోపల మేము బారువడ్డీ చేసేవాళ్ళం.

పెళ్ళి రోజు పొద్దున బాపట్ల బస్సు వచ్చి బడి ముందే ఆగింది. ముందు బ్యాండు మేళం దిగింది, తరవాత పెళ్ళికొడుకు, వెనకాల జనం. ముహూర్తం రాత్రికి. ప్రెసిడెంటు గారు పట్టుపంచెలో పరుగులాంటి నడకతో వచ్చారు.

"లెగండమ్మా, లెగండి! పెళ్ళివారొచ్చేశారు."

"రానీయండయ్యా. బెల్లు కొట్టగానే లెగుస్తాం" అంది ఆ పిల్ల తల్లి.

"బెల్లెప్పుడు?"

"సాయంత్రమండి."

"అందాకా ఈళ్ళు రోడ్డు మీదుంటారా?"

"ఎందుకుంటారండి? మా చర్చి ఉంది. ఊడ్చి చాపలేసుంచాం. ఫ్యాన్లున్నాయి, ఈ బడిలో అయ్యీ లేవు. అక్కడ దింపండి. మంచినీళ్ళు మేమిస్తాం."

బ్యాండువాళ్ళు వాయిస్తున్నది మధ్యలో ఆపేశారు. ఆమె మాటలో వెటకారం లేదు. నిజంగానే ఊడ్చారు, నిజంగానే చాపలు వేశారు. ఆ చాపల మీద ఆ బస్సులోని వాళ్ళు ఎందుకు కూర్చోరో అక్కడ అందరికీ తెలుసు. దాన్ని నోరు తెరిచి చెప్పడం మాత్రం ఆ పూట, కొత్త అల్లుడి ముందు, ఎవరికీ కుదరలేదు.

"అది కుదరదంటే మీ మేడుంది గదయ్యా" అందామె. "పైన ఉన్నది మినుముల బస్తాలేగా. ఎత్తింది మేమే. దింపమంటే ఇప్పుడే దింపుతాం."

మగపెళ్ళివారిలో ఒక ముసలావిడ బస్సు మెట్టు మీదే కూలబడింది. "మేడైతే ఏంటి, గొడ్లసావిడైతే ఏంటి నాయనా, ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టండి. నా మోకాళ్ళు పోతున్నాయి" అంది.

మినుముల బస్తాలు దిగాయి. పెళ్ళివారు మేడెక్కారు. ఊళ్ళో బడి తప్ప వేరే విడిది లేదని ఇన్నాళ్ళూ అనుకున్న మాటను ఎవరూ ఖండించలేదు, మళ్ళీ అననూ లేదు. మగపెళ్ళివారి కుర్రాళ్ళు కొందరు కిటికీలోంచి తొంగి చూసి, బారువడ్డీ అని తెలుసుకుని, త్వరగానే వెళ్ళిపోయారు. ఆ గందరగోళంలో ఆ పిల్ల లెక్క తప్పు చేసింది. మళ్ళీ చేయించాను. ఆ పెళ్ళిలో నాకు ఏ బంతిలోనూ ఆకు పడలేదు గనక మాకు టైముకి కొదవలేదు.

పరీక్షలయ్యాయి. ఆ పిల్ల పాసైంది. లెక్కల్లో పాసు మార్కుకి ఎంత దగ్గరగా ఉండవచ్చో అంత దగ్గరగా ఉంది, కానీ పైవైపున. బడులు తెరిచేసరికి నాకు బాపట్ల వైపు బదిలీ ఉత్తర్వు వచ్చింది. పరిపాలనా సౌలభ్యం కోసమని రాశారు. ఎవరి సౌలభ్యమో రాయలేదు. నేను చార్జి అప్పగించక ముందే, అందిన ఫిర్యాదు మీద విచారణకు ఒక ఆఫీసరు గారు వచ్చారు. వరండాలో కుర్చీ వేశాం. ఆడవాళ్ళు ఎదురుగా నేల మీద కూర్చున్నారు.

"మిమ్మల్ని ఎగదోసింది ఈ మాస్టారేనా?" అని అడిగారాయన.

ఆడవాళ్ళు నా వైపు చూశారు. తరవాత ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

"ఈయనాండి? ఈయన గట్టిగా మాట్టాడితే ఎలా ఉంటదో మేమూ ఎప్పుడూ ఇన్లేదండి" అంది బల్ల గురించి కుర్రాళ్ళను తిట్టిన పెద్దావిడ.

ఆఫీసరు గారు ఆ పిల్ల తల్లి వైపు తిరిగారు. "నీ కూతురు రేపల్లె హైస్కూల్లో చేరింది గదమ్మా. ఇంక నీకీ బడితో పనేంటి?"

"మా మరిది కూతురు ఆరులోకొచ్చిందండి. దాని చెల్లెలు నాలుగు. ఆళ్ళయిపోతే పక్కింటోళ్ళ పిల్లలున్నారు."

"చూడమ్మా, గవర్నమెంటు బడికి అడ్డం కూర్చోవడం తప్పు. ఇక మీదట అలా చేయబోమని ఈ కాగితం మీద అందరూ వేలిముద్రలు వేయండి."

"నాకు సంతకం వచ్చండి" అందామె. "అయినా పెట్టను."

మిగతావాళ్ళు చేతులు కొంగుల్లో పెట్టుకున్నారు.

"ఒక్క సాయం చేయండయ్యా" అంది ఆమె. "ఈసారి బడి ఎవరికన్నా పెళ్ళికిచ్చేటప్పుడు రెండ్రోజులు ముందుగా మాకు కబురంపించండి. కూలి మానుకోవాలంటే రైతుకి ముందే చెప్పుకోవాలి గదా."

లోపల ఎవరో ఎక్కాలు అప్పజెబుతున్నారు, తప్పుగా. ఆఫీసరు గారు కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నారు. ఆడవాళ్ళు లేవలేదు. ఆయనే లేచారు.