ఒకటో తరగతిలో మా పెద్దసారు

మా బడి పెద్దసారుకు తెలుగు చదవడం రాదు. ఈ సంగతి తెలిసింది ఇద్దరికే, ఆయనకూ, ఆ బడిలోనే పంతులమ్మనైన నాకూ. ఆయన చదువుకున్నది ఉర్దూలో, పాతికేళ్లు పాఠాలు చెప్పింది ఉర్దూలో. ఇంట్లో మాట్లాడేది తెలుగే గాని అక్షరాల జోలికి పోవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఇంతలో బడి మొత్తం తెలుగులోకి మారింది. అప్పటినుంచి ఏ పుస్తకం వచ్చినా నా చేతికిచ్చి, "చష్మా ఇంటికాడ మర్చిన బిడ్డా, జర చదువు" అనేవారు. చష్మా ఆయన ముక్కు మీదే ఉండేది. నేను మగ్గాల చప్పుడులో పుట్టి పెరిగినదాన్ని, గొంతూ పెద్దదే, కోపమూ పెద్దదే. అయినా ఆ చష్మా గురించి మాత్రం ఏనాడూ నోరు మెదపలేదు.

ఆ ఎండాకాలం సెలవుల్లో కొల్లాపూరులో మాకు పది రోజుల శిక్షణ శిబిరం పెట్టారు. శిక్షణ ఇచ్చే మాస్టారు కోస్తా నుంచి వచ్చినాయన. చివరిరోజు ఇన్‌స్పెక్టర్ వస్తారని, పెద్దసార్లందరూ ఆయన ముందు తెలుగు వాచకంలో ఒక్కో పేజీ చదవాలని, చదవలేనివారిని ఆ పదవిలోంచి దించేస్తారని మాస్టారు మొదటిరోజే చెప్పేశారు.

నీళ్ల కుండ దగ్గర మా పెద్దసారు నన్ను ఆపారు. "రెండేండ్లల్ల నౌకరి అయిపోతది బిడ్డా. గిప్పుడు దించితే పిల్లల ముందటికి ఏ మొకం పెట్టుకొని పోవాలె?" అన్నారు. చష్మా మాట ఎత్తలేదు.

మర్నాడు నమూనా పాఠం. సెలవులు గనుక పిల్లలు లేరు. మేమే పిల్లలం కావాలన్నారు మాస్టారు. ఒకటో తరగతికి అక్షరాలు చెప్పే పని నాకు పడింది. నా ఎదుట చాప మీద నలభైమంది మీసాలవాళ్లు బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. ఒకాయన "అమ్మ కావాలె" అని ఏడుపు మొదలుపెట్టాడు. ఇంకొకాయన పక్కాయన పలక గుంజుకున్నాడు. ఇంత చేసీ, నేను బోర్డు మీద అక్షరం పూర్తిగా రాయకముందే అందరూ జవాబు చెప్పేస్తున్నారు.

"ఒకటో తరగతి పిల్లలు ఇలాగే ఉంటారా అండీ?" అని మాస్టారు విసుక్కున్నారు.

జవాబు చెప్పనిది మా పెద్దసారొక్కరే గనుక ఆయన్ను లేపి 'ప' చూపించాను. ఆయన దానివంక చూశారు, నావంక చూశారు, తల గోక్కున్నారు. 'వ' చూపిస్తే, ఇందాకటిదే కదా అన్నట్టు నవ్వారు. అందరూ పొట్టలు పట్టుకున్నారు. మాస్టారు మురిసిపోయి, "నటన అంటే అదండీ! రేపటినుంచి రోజూ మీరే విద్యార్థి" అన్నారు.

అలా రోజూ పొద్దున నలభైమంది సాక్షిగా మా పెద్దసారు అక్షరాలు దిద్దారు. మూడోరోజు 'ప'ను మళ్లీ 'వ' అంటే నాకు ఒళ్లు మండింది. "ఎన్నిసార్లు చెప్పాలె? చెవి పట్టుకొని నిలబడు" అని అరిచాను. యాభై ఏళ్లు దాటిన మనిషి ఠక్కున లేచి చెవి పట్టుకున్నారు. పాఠం అయ్యాక సిగ్గుతో చచ్చిపోయాను. వెళ్లి తప్పయిందన్నాను.

"తప్పేంది? నువ్వు తిట్టినంక గా అక్షరం మర్వలే. రేపు గుణింతం షురూ చెయ్యి. దినాలు లెవ్వు" అన్నారు.

ఏడోరోజు ఆయన 'పలక', 'మేక' గుక్క తిప్పుకోకుండా చదివేశారు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. మాస్టారు మాత్రం ముఖం మాడ్చుకున్నారు. "మీరింత తొందరగా నేర్చేసుకుంటే ఎలాగండీ? వెనకబడ్డ పిల్లవాడికి ఎలా చెప్పాలో చూపిద్దామంటే! రేపటినుంచి కాస్త రానట్టు ఉండండి" అన్నారు. ఆ మాటకు మా పెద్దసారు ముఖం వెలిగిపోయింది. అప్పటిదాకా రాని మనిషి, మర్నాటినుంచి రానట్టు నటించడం మొదలుపెట్టారు. పాపం, అది ఆయనకు బొత్తిగా చేతకాలేదు. మొదటిరోజు పాటి నటన లేదని అందరూ పెదవి విరిచారు.

చివరిరోజు ఇన్‌స్పెక్టర్ వచ్చారు. మా పెద్దసారు వంతు రాగానే, మేమెన్నడూ చూడని పేజీ తీసి చేతికిచ్చారు. ఆయన వరుస కింద వేలు పెట్టారు. చెమట చష్మా మీదికి కారుతోంది. ఒక్కో అక్షరం పలికి, కూడబలుక్కుని, మాట చేసి, మళ్లీ మొదటినుంచి పలుకుతున్నారు. గది గదంతా నవ్వు అందుకుంది. మాస్టారు ఇన్‌స్పెక్టర్ చెవిలో ఏదో చెప్పారు. ఆయనా నవ్వారు.

"బాగుందండీ, చాలా బాగుంది. ఇక ఆట చాలు, మామూలుగా చదవండి" అన్నారు ఇన్‌స్పెక్టర్.

పెద్దసారు తలెత్తారు. "నాకు వచ్చింది గింతే సార్. గిట్లనే చదువుత" అన్నారు.

నవ్వు పైకప్పు దాకా లేచింది. ఒకాయన చాప మీద దొర్లాడు. ఇన్‌స్పెక్టర్ కళ్లు తుడుచుకుంటూ ఆయన పేరు ఎదుట టిక్కు పెట్టి, చాలు కూర్చోమన్నారు. ఆయన కూర్చోలేదు. ఇంకా మూడు వరుసలున్నాయి. వేలు జరుపుకుంటూ వాటినీ చదివారు. అందరూ చప్పట్లు కొడుతుంటే నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.