మదర్‌గారు అమ్మమ్మను అన్న మాట

చదివిన ప్రతి ముక్కా ఎవరో ఒకరికి చెబితే తప్ప అన్నం సహించని వయసు ఒకటుంటుంది. నాకా వయసు కాస్త ఎక్కువ కాలమే నడిచింది. ఆ రోజుల్లో విజయవాడలో మందుల దుకాణంలో పనిచేస్తూ, ఖాళీ దొరికితే గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి. కాలేజీ గడప తొక్కలేదు గానీ నిఘంటువులంటే ప్రాణం. (చుట్టాలు నన్ను 'డిక్షనరీ' అనేవారు. అది పొగడ్తేనని చాలాకాలం నమ్మాను.) అలాంటి నా చదువు కావాలని నోరు తెరిచి అడిగిన మనిషి ఒక్కతే, మా అమ్మమ్మ. అదీ, ఇక ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పేశాక.

అమ్మమ్మ ఒంట్లో ఓపికున్నన్నాళ్ళూ గన్నవరం దగ్గర కన్యాస్త్రీల మఠంలో వంట చేసింది. అక్కడి పెద్ద, ఇటలీ నుంచి వచ్చిన మదర్‌గారు, అందరితో తెలుగే మాట్లాడినా అమ్మమ్మను మాత్రం "బ్రావా" అనేవారట. ఆ మదర్‌గారు పోయి చాలాకాలమైంది. చల్లపల్లి పక్క మా ఊళ్ళో, మంచం మీద ఎగశ్వాస తీస్తూ అమ్మమ్మ నన్ను దగ్గరకు పిలిచింది.

"ఒరే నాయనా, ఆ మాటతో ఆమె నన్ను తిట్టేదో దీవించేదో ఈనాటికీ తెలీదు. అడగటానికి మొహమాటం. పైకెళితే ఆమే ఎదురొస్తది గదా. తెలుసుకొని పోతాను."

పిన్ని కొడుకు వెంటనే ఫోన్ తీశాడు. ఫోన్లో దొరికేది చదువు కాదని వాణ్ణి ఆపి, నేను విజయవాడ బస్సెక్కాను. (మనిషి పోయేలా ఉంటే బస్సెక్కిన ఆ తెలివిని ఇప్పటికీ ఏమనాలో తెలియదు.)

గ్రంథాలయంలో అట్ట ఊడిన ఇటాలియన్ నిఘంటువులో మాట తొందరగానే దొరికింది. పని బాగా తెలిసిన మనిషి, మంచి మనిషి అని అర్థం. మగవాళ్ళనైతే బ్రావో, ఆడవాళ్ళనైతే బ్రావా. మారాం చేయకుండా తిన్న పిల్లను తల్లి అనే మాట, బాగా కుట్టిన దర్జీని ఇరుగుపొరుగు అనే మాట. అప్పుడే లేచి ఉంటే మధ్యాహ్నం బస్సు అందేది. కానీ మాట పుట్టుక చూడకుండా వచ్చేస్తే అది చదువెలా అవుతుంది? ఇంకో రెండు లావుపాటి పుస్తకాలు తిరగేశాను. అనాగరికుడనే అర్థమున్న పాత లాటిన్ మాట నుంచి వచ్చి ఉండవచ్చట. మొదట్లో మచ్చిక కాని, మొండి అని అర్థమట. ఒకప్పుడు అక్కడి దొరలు పెంచుకున్న కిరాయి రౌడీలనూ అలాగే పిలిచేవారట. పోయే మనిషికి ఇందులో ఎంత చెప్పాలా అని దారంతా మథనపడ్డాను.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు. అమ్మమ్మ పొద్దుటి నుంచీ గుమ్మంకేసే చూస్తోందని పిన్ని కళ్ళెర్రజేసింది. నేను మంచి ముక్కే చెప్పాను.

"పని తెలిసినదానివని మెచ్చుకునేవారు అమ్మమ్మా."

"అంతేనా? ఆ మాత్రం తెలుగులో అనలేకపోయిందా?"

ఇక నా చదువు ఆగలేదు. మచ్చిక కానిది, మొండిది, రౌడీ, అన్నీ చెప్పేశాను. పిన్ని తల కొట్టుకుంది. అమ్మమ్మ ఛాతీ ఎగిరెగిరి పడింది. అయిపోయిందనుకుని అందరం మంచం చుట్టూ చేరాం. తీరా చూస్తే నవ్వుతోంది.

"చేపల పులుసులో పంచదార పొయ్యబోయింది. గరిటె ఎత్తాను ఆమె మీదికి. అప్పుడే మొదటిసారి అన్నది ఆ మాట. నన్ను బాగానే కనిపెట్టింది మహాతల్లి."

తెల్లవారేసరికి వెళ్ళిపోయింది.

సమాధి దగ్గర అందరూ తలా పిడికెడు మట్టి వేస్తున్నారు. నా వంతు వచ్చినప్పుడు మనసులో అనుకోబోయిన మాట గట్టిగా పైకే వచ్చేసింది. "బ్రావా." పాత పూజల్లోని లాటిన్ ప్రార్థన కాబోలనుకుని, జపాలు చెప్పిస్తున్న ఉపదేశిగారు భక్తిగా "ఆమెన్" అన్నారు. ఊరంతా అంది. సంగతి తెలిసిన పిన్ని కూడా నాకేసి చూస్తూ, ఏడుస్తూనే, అందరికంటే గట్టిగా అంది.

ఏటా సమాధుల పండుగకు కొవ్వొత్తులు వెలిగించాక, ఆ లాటిన్ ప్రార్థన చెప్పమని ఉపదేశిగారు నన్నే అడుగుతారు. ఆ రోజు నేను బస్సెక్కకుండా ఉంటే పొద్దంతా అమ్మమ్మ పక్కనే కూర్చునేవాణ్ణి కదా అని కొవ్వొత్తి చూస్తూ అనుకుంటాను. తర్వాత ఆ మాట అంటాను. అందరూ ఆమెన్ అంటారు. దాని అర్థం, పుట్టుక, వాడుక అన్నీ తెలిసిన డిక్షనరీ మాత్రం నోరు మూసుకుని నిలబడుతుంది.